గోడ అవతల విన్న ప్రార్థన

కిందటి వారం మనం వాక్యం గారిని ఆరాధన మధ్యలో వదిలేసి వచ్చాం. చేతిలో పాటల పుస్తకం తెరిచి ఉంది, నోరు కూడా తెరిచే ఉంది. పాపం, ముందు ఆయన్ని కూర్చోబెట్టాలి.

గొంతు జబ్బుతో మాట బొంగురుపోయిన పెద్ద పాస్టరు గారు వేదిక మీద నిలబడి, "వచ్చే ఆదివారం నా బదులు ప్రసంగం చేసేది..." అని దగ్గు వచ్చి ఆగారు. ఆ దగ్గు తెరిపి ఇచ్చేలోపే సగం సంఘం వాక్యం గారి వైపు తిరిగింది. ఆయన అప్పటికే కాలరు గుండీ సర్దుకున్నారు. "...మన వెల్డరు తమ్ముడు" అని పాస్టరు గారు మాట పూర్తి చేశారు. మందిరం చప్పట్లతో మోగిపోయింది. ఆ వెల్డరు ఎవరో కాదు, వాక్యం గారి స్వయానా బావమరిది. రెండేళ్ళ కిందటి దాకా తాగి రోడ్డు మీద పడిపోతే, వాక్యం గారే చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చి తన షెడ్డులో పడేసిన మనిషి.

వాక్యం గారు కూర్చున్నారు. కానీ ఆ కూర్చున్నది ముళ్ళమీద.

ఆయన నడిపేది డ్రైవింగ్ స్కూలు. నోరు తెరిస్తే లేఖనం వస్తుందని సంఘం పెట్టిన పేరు వాక్యం గారు. బండి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి స్టీరింగ్ ఇచ్చే ముందు, పెద్ద ఓడను చిన్న చుక్కాని ఎలా తిప్పుతుందో, మనిషిని నాలుక ఎలా తిప్పుతుందో చెప్పి గానీ తాళం చెవి ఇవ్వరు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకునేవారు. కానీ ఆయన భక్తి నాటకం కాదు. కోడి కూయకముందే లేచి గ్రంథం తెరిచే మనిషి. మందిరం పైకప్పు ఎగిరిపోయిన గాలివానకి, రేకులు నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కిన మనిషి. ఆయనకు ఉన్న ఆశ ఒక్కటే. పాస్టరు గారి తర్వాత ఆ వేదిక తనది కావాలి.

ఇప్పుడేమో ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టయింది. ఇదివరకు చంటిబిడ్డను ఎత్తుకొచ్చిన తల్లులు ప్రార్థన చేయమని ఆయన చేతుల్లోనే పెట్టేవారు. ఈమధ్య ఆయన్ని దాటుకుని, "కాస్త జరగండన్నా" అని వెనక ఉన్న బావమరిది దగ్గరికి వెళ్తున్నారు. తన ప్రార్థనకి వచ్చే ఆమేన్ పళ్ళ సందుల్లోంచి వస్తోందని, వాడి ప్రార్థనకి వచ్చే ఆమేన్ కడుపులోంచి వస్తోందని ఆయన కళ్ళు మూసుకుని కూడా పసిగట్టగలరు. కళ్ళు మూసుకుని చేయాల్సిన పని అది కాదని తెలిసీ పసిగట్టేవారు.

అన్నిటికన్నా మింగలేనిది వాడి సాక్ష్యం. "ఒకరోజు పొద్దున షెడ్డులో మత్తు దిగి పడి ఉన్నాను. గోడ అవతల ఎవరో నా పేరెత్తి, ఏడుస్తూ దేవుణ్ణి బతిమాలుతున్నారు. అది విని లేచాను. మళ్ళీ సీసా ముట్టలేదు." వాడు ఆ మాట చెప్పిన ప్రతిసారీ తలలన్నీ వాక్యం గారి వైపు తిరిగేవి. షెడ్డు ఆయనది, గోడ ఆయనది, మరి ప్రార్థన ఎవరిదవుతుంది? ఆయన అవుననలేదు, కాదనలేదు. తల వంచుకునేవారు. జనం దాన్ని వినయం అనుకున్నారు.

ఆ సోమవారం ఇంట్లో ఆయన భార్య తమ్ముడి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం ఆమెది. డ్యూటీ నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు, ఇస్త్రీ పెట్టె అందుకుంది. పైగా సన్నగా పాడుకుంటోంది. తన చొక్కాలు ఎప్పుడైనా పాడుతూ ఇస్త్రీ చేసిందా అని వాక్యం గారు ఆలోచించారు. గుర్తు రాలేదు. గుర్తు రాకపోయేసరికి లేదనే తీర్మానించుకున్నారు.

"ఏమండీ, శుక్రవారం తమ్ముడికి డ్రైవింగ్ టెస్టు. ఒక్కసారి మన బండి మీద తిప్పండి. లైసెన్సు లేకపోతే సంఘం వ్యాను ఎలా తోలతాడు?"

"ఉన్న లైసెన్సు పోగొట్టుకున్నప్పుడు తెలియలేదా? తాగి మందుల షాపు షట్టర్లోకి దూసుకుపోయినప్పుడు?"

"దేవుడు మర్చిపోయినవి కూడా మీరు భలే గుర్తు పెట్టుకుంటారండీ."

వాక్యం గారికి చుర్రుమంది. "నేను అసూయతో అంటున్నాననుకుంటున్నావు. నాది అసూయ కాదు, రోషం. దేవుడే రోషం గల దేవుడు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాణ్ణి పెద్దరికంలో కూర్చోబెట్టొద్దు, గర్వం తలకెక్కి పడిపోతాడని లేఖనంలో ఉంది. నేను కల్పించానా? శనివారం సంఘ పెద్దల కూడికలో అదే చదువుతాను."

"చదవండి. లేఖనమేగా." ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఆయన వైపు చూసింది. "ఒక్కటి చెప్పండి. పొద్దున కళ్ళు తెరవగానే మీకు గుర్తొచ్చింది దేవుడా, మా తమ్ముడా?"

ఆయన చల్లారిపోయిన టీ గ్లాసు ఎత్తి అడుగుదాకా తాగేశారు.

అయినా తిప్పుతానని ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో చెబితే మీకు ఆయన మీద కోపం వస్తుందేమో. నాలుకను ఏ మనిషీ లొంగదీయలేడని ఆయన చదివిన గ్రంథమే చెప్పింది. డ్రైవింగ్ సీట్లో కూర్చోబెడితే ఎంతటి పెద్దమనిషి నోట్లోంచైనా పాతకంపు బయటికొస్తుందని ఆయన అనుభవమూ చెప్పింది. స్కూలు హెడ్మాస్టర్లు బూతులు తిట్టగా ఆయన విన్నారు. ఇక బావమరిది నోరు సంగతి చెప్పాలా? ఒకప్పుడు వాడు తిడుతుంటే వీధిలో తల్లులు పిల్లల చెవులు మూసేవారు. ఆ పాత మాట ఒక్కటి బయటికొస్తే చాలు. శనివారం పెద్దల ముందు లేఖనంతో పాటు సాక్ష్యం కూడా ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నం బండి బయల్దేరింది. డ్రైవింగ్ స్కూలు బండికి బ్రేకు రెండు వైపులా ఉంటుంది కదా, నేర్పేవాడి కాలికింద ఒకటి, నేర్చుకునేవాడి కాలికింద ఒకటి. బావమరిది స్టీరింగ్ పట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు.

"ప్రార్థన తర్వాత. ముందు అద్దం సరిచేసుకో" అన్నారు వాక్యం గారు.

కొత్తవాళ్ళని ఆయన ఎప్పుడూ స్టేడియం వెనక ఖాళీ రోడ్డుకి తీసుకెళ్తారు. ఆరోజు మాత్రం "ఎడమకి తిప్పు" అని నేరుగా మార్కెట్టు వీధిలోకి తోలించారు. బస్సులు, లారీలు, మూటలు మోసేవాళ్ళు, మధ్యలో స్కూటర్లు. అంత రద్దీలో, వెనక లారీ ఆనుకుని వస్తున్నప్పుడు, వాక్యం గారు తన వైపు బ్రేకు మెల్లగా నొక్కారు. బండి కుదుపుతో ఆగిపోయింది. హారన్ల మోత.

"క్లచ్! క్లచ్ ఏదిరా? నీ కాలు బండిలో ఉందా, ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

"తప్పయింది బావా."

లారీ డ్రైవరు తల బయటపెట్టి, "రోడ్డు మీ తాతదా?" అని అరిచాడు. బావమరిది కిటికీలోంచి చెయ్యి ఊపి, "క్షమించన్నా, కొత్త" అన్నాడు. వాక్యం గారికి ఆ 'క్షమించన్నా' గొంతులో ముల్లులా దిగింది.

నాలుగు అడుగులు పోగానే మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఆగింది. వాడు చెమట తుడుచుకుని తాళం తిప్పాడు. పెదవులు బిగించాడు గానీ కిక్కురుమనలేదు. చివరికి వంతెన ఎక్కే ఎత్తు వచ్చింది. సగం ఎక్కాక మూడోసారి నొక్కి, వెంటనే కాలు తీసేశారు. ఇంజిన్ ఆగిపోయి బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక ఒక ముసలాయన తోపుడుబండి మీద కిటికీ అద్దాలు పేర్చుకుని తోసుకొస్తున్నాడు.

బావమరిది హ్యాండ్ బ్రేకు లాగుతూ ఒక మాట అన్నాడు. అచ్చులో వేయడానికి వీలులేని మాట. పాత మాట. స్పష్టంగా, గట్టిగా.

బండి ఆగింది. ముసలాయన అద్దాలకి ఏమీ కాలేదు. వాక్యం గారి లోపల మాత్రం, రోజంతా ఉపవాసం ఉండి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నంత హాయి కలిగింది. ముసలాయన కళ్ళల్లో భయం ఆయన తన వైపు అద్దంలో చూశారు. చూసి కూడా ఆ హాయి తగ్గలేదు.

"వంతెన దిగి పక్కకి ఆపు" అన్నారు.

స్టేడియం గోడ పక్కన బండి ఆగింది. బావమరిది రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతుల నిండా నిప్పురవ్వలు పడ్డ మచ్చలు.

"ఒరేయ్, ఈ నోటితోనేనా ఆదివారం వేదిక ఎక్కేది? ఒకే ఊటలోంచి తీపి నీళ్ళూ చేదు నీళ్ళూ వస్తాయా?"

"రావు బావా."

"మరి?"

"నా నోరు ఇంకా బాగుపడలేదు. ఒప్పుకుంటా." వాడు కాసేపు ముందు అద్దంలోంచి రోడ్డు చూశాడు. "బావా, నీ వైపు బ్రేకు తొక్కితే నా కాలికింద పెడలు కూడా దానంతటదే కిందికి పోతుంది. రోజూ ఈ బండిలో కూర్చునేవాడివి, ఆ సంగతి ఎలా మర్చిపోయావు?"

వాక్యం గారి చెవులు వేడెక్కాయి. తేలు కుట్టిన దొంగ సంగతి మీకు తెలిసిందేగా. కానీ దొంగకి లేని సౌకర్యం ఒకటి ఆయనకుంది. కోపాన్ని అడ్డం పెట్టుకోగలరు.

"తొక్కాను! అయితే ఏంటి? పరీక్షించాను. పరీక్షించమనే ఉంది. నువ్వు కాలవలో పడి దొర్లుతున్నప్పుడు నేను మోకాళ్ళ మీద ఉన్నాన్రా. ఆ గ్రంథం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. రేకులు మోసింది నేను. నేల తుడిచింది నేను. నువ్వు నిన్న గాక మొన్న వచ్చి, నాలుగు కన్నీటి చుక్కలు రాలిస్తే నీకు చప్పట్లా? ఇల్లు తగలేసి పందుల దగ్గర పడుకున్న కొడుక్కి విందు! పొలంలో ఒళ్ళు వంచిన పెద్దకొడుకు గుమ్మం బయట!"

ఆ ఉపమానాన్ని ఆయన ఎన్నోసార్లు పిల్లలకి పాఠం చెప్పారు. చెప్పినప్పుడల్లా తండ్రి గురించే చెప్పారు. పెద్దకొడుకు కడుపులో ఏముందో ఆరోజే ఆయన నోటివెంట మొదటిసారి వచ్చింది.

"ఆ తండ్రి బయటికొచ్చి పెద్దకొడుకుని బతిమాలాడు కదా బావా" అన్నాడు బావమరిది మెల్లగా.

"బతిమాలాడు. నన్నెవరు బతిమాలారు?"

ఆ మాట అనేశాక ఆయనకే వింతగా అనిపించింది. గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

"నేను బతిమాలుతున్నా" అన్నాడు బావమరిది. "శనివారం ఆ లేఖనం చదువు. నేనే లేచి ఆమేన్ అంటా. నాకు వేదిక వద్దని పాస్టరు గారికి ముందే చెప్పా. ఆయన వినలేదు. వినకపోతే ఒక్క షరతు అన్నా. సాక్ష్యం మొత్తం చెబుతానని. ఇన్నాళ్ళూ సగమే చెప్పాను."

"ఏ సగం?"

"గోడ అవతల ప్రార్థన విన్నానని చెప్పా. ఏం ప్రార్థన చేశావో చెప్పలేదు."

ఆ పొద్దున వాక్యం గారికి గుర్తుంది. గుర్తు లేకుండా ఎలా ఉంటుంది? ముందురోజు సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరు గారు చాపమీద కూర్చుని ఉండగా వీడు తూలుతూ వచ్చి, అందరి మధ్యా వాంతి చేసుకున్నాడు. తెల్లారాక ఆయన షెడ్డు పక్క గదిలో, పాత టైర్ల మధ్య మోకరించారు. పక్కన మత్తులో ఉన్నవాడికి వినబడుతుందని అనుకోలేదు.

బావమరిది ఆ మాటలు తడుముకోకుండా చెప్పాడు. "'ప్రభువా, ఒకప్పుడు నీ దాసుడు పిలిస్తే ఆకాశంనుంచి అగ్ని దిగింది. ఈ ఇంటి మీద నీకు రోషం లేదా? వీణ్ణి మార్చమని అడగను. వీణ్ణి తీసుకుపో. ఈ వారంలోనే తీసుకుపో. నీ నామం కోసం.' అవునా బావా? ఏడుస్తూ అడిగావు. ఏడ్చావని నేను చెప్పింది మాత్రం అబద్ధం కాదు."

వాక్యం గారు తన వైపు కిటికీ అద్దం పైదాకా ఎత్తేశారు.

"నాకు కోపం రాలేదు. దేవుడి దగ్గర నా పేరెత్తేవాడు ఒకడున్నాడని అప్పుడే తెలిసింది, చచ్చిపొమ్మనైనా సరే. నీలాంటి మనిషి అడిగితే ఆయన కాదనడనుకున్నా. ఇక నాకు వారమే ఉందనుకుని లేచాను. సీసా పారబోశాను. వారం దాటింది, చావలేదు. అప్పటికి తాగుడు పోయింది." వాడు బావ వైపు తిరిగాడు. "నీ ప్రార్థనని నీకంటే నేనే ఎక్కువ నమ్మాను బావా."

ఇంకొకరైతే ఆ మాటకి సిగ్గుతో కుంగిపోయేవారు. వాక్యం గారికీ సిగ్గు వచ్చింది, కానీ రెండోదిగా వచ్చింది. ముందు వచ్చింది కడుపుమంటే. ఇన్నాళ్ళూ తన తప్పుని కప్పి, సంఘం ముందు తనకి గౌరవం కట్టబెట్టి, వీడు నోరు మెదపకుండా తిరిగాడు. తను అర్ధరూపాయి మంచితనం చూపించినా పదిమందికీ తెలిసేలా చూపించే మనిషి. ఆఖరికి ఇందులో కూడా వీడే గెలిచాడు.

"ఇది... సంఘంలో చెబుతావా?"

"చెప్పకపోతే అబద్ధం మీద నిలబడి ప్రసంగం చేసినట్టు కాదా?"

"ఒరేయ్, వినరా." వాక్యం గారు వాడి మోచెయ్యి పట్టుకున్నారు. "నేను శనివారం ఆ లేఖనం చదవను. ఇవాళ నువ్వు అన్న మాట ఎవరికీ చెప్పను. వేదిక నువ్వే తీసుకో. ఆ ప్రార్థన సంగతి మాత్రం మన మధ్యే ఉండనీ."

అనేసి, తన గొంతు తానే విన్నారు. మొన్న భార్య ముందు దేవుడి ఇంటి మీద రోషం అన్నారే, ఆ ఇంటిని ఇంత చవగ్గా బేరం పెట్టింది ఈ గొంతే. ఆయన చెయ్యి దానంతటదే జారిపోయింది.

బావమరిది జాలిపడలేదు, నవ్వలేదు. అదే నయమనిపించింది ఆయనకి.

"మన మధ్య ఉండడానికి, అది మనిద్దరికే తెలిసిన సంగతి కాదు బావా. ఆరోజు నువ్వు ప్రార్థన ముగించి లేచాక, షెడ్డు తలుపు సందులోంచి చూశాను. నువ్వున్న గది గుమ్మం దగ్గర్నుంచి అక్క వెళ్ళిపోతోంది. చేతిలో నాకోసం తెచ్చిన పళ్ళెం. లోపలికి రాకుండానే తీసుకెళ్ళిపోయింది."

దారంతా వాక్యం గారు ఎడమ అనలేదు, కుడి అనలేదు. బావమరిది తనంతట తానే జాగ్రత్తగా తోలుకొచ్చాడు. ఆయన మాత్రం ఈ రెండేళ్ళనీ వెనక్కి తిప్పుకుంటూ కూర్చున్నారు. పెళ్ళయిన నాటినుంచి రాత్రి ప్రార్థనకి ఇద్దరూ పక్కపక్కనే మోకరించేవారు. ఒకరోజు ఆమె, "మోకాళ్ళు నొప్పండీ, మీరు చేయండి" అని గోడకి ఆనుకుని నిలబడింది. ఆ తర్వాత ఎప్పుడూ మోకరించలేదు. ఆయన మోకాళ్ళకి మందు తెచ్చిచ్చారు. అది అట్టపెట్టెలోనే ఉండిపోయింది. అంతా తెలిసి, రోజూ ఎదురుగా కూర్చుని వడ్డించింది. ఎలా చూసేదో ఆయన ఎన్నడూ గమనించలేదు. ఆయన చూపంతా ఆమె తమ్ముడి మీదే ఉండేది.

ఇల్లు వచ్చింది. ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. ల్యాబు తెల్లకోటు ఒంటి మీదే ఉంది, డ్యూటీ మధ్యలో వచ్చేసినట్టుంది. బండి ఆగీ ఆగకముందే వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

"తమ్ముడూ, నువ్వు దిగరా. ఏమండీ, మీరు స్టీరింగ్ దగ్గరికి రండి. పాస్టరు గారింటికి పోనివ్వండి. ఆయన మనకోసం ఎదురు చూస్తున్నారు."

"ఎందుకు?" ఆయనకి వెనక్కి తిరిగే ధైర్యం లేదు. "నువ్వు ఆరోజు విన్నావని వీడు చెప్పాడు. నేను..."

"విన్నాను. ఆదివారం వాడు చెప్పబోయేది కూడా నాకు తెలుసు. కానీ వాడికీ సగమే తెలుసండీ. మిగతాది నేను చెప్పాలి, ముందు మీకు, తర్వాత సంఘానికి." ఆమె ఎవరి చేతి నరంలోనో సూది గుచ్చే ముందు ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగింది.

"ఆ పొద్దున మీరు మా తమ్ముణ్ణి తీసుకుపొమ్మని దేవుణ్ణి అడిగారు. గుమ్మం బయట నిలబడి, ఆమేన్ అన్నాను."

దిగబోతున్న తమ్ముడి చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.